రీస్లింగ్ వైన్: సీసా ఎంచుకోవడం నుంచి మన భోజనంలో వడ్డించడం దాకా

రీస్లింగ్ గురించి పాఠకులు అడిగే ప్రశ్నలు తిరిగి తిరిగి మూడు చోట్లకే చేరుతున్నాయి. తియ్యగా ఉంటుందా? మన కారానికి తట్టుకుంటుందా? మూత తీస్తే పెట్రోలు వాసన వస్తోంది, పారబోయాలా? మొదటి రెండింటికీ జవాబు సీసాను బట్టి మారుతుంది. మూడోదానికి మాత్రం ఇప్పుడే చెబుతాను: పారబోయకండి.

ఈ తెల్ల ద్రాక్ష సొంతగడ్డ జర్మనీలోని రైన్ నదీ పరిసరాలు. ఈ వ్యాసంలో మోజెల్ లోయ సీసాలనే కొలబద్దగా తీసుకున్నాను. మోజెల్ లేబుల్ చదవడం వస్తే మిగతా ప్రాంతాల లేబుళ్లతో పెద్ద ఇబ్బంది ఉండదు. ఇంకొక్క మాట: తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి. అమెరికాలోనూ అంతే.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- 750 మిల్లీలీటర్ల సీసా ఒకటి. గ్లాసుకు 125 మిల్లీలీటర్ల చొప్పున ఆరుగురికి సరిపోతుంది.
- పైకి వచ్చేసరికి కొంచెం ముడుచుకునే, కాడ ఉన్న గ్లాసులు. స్టీలు గ్లాసులో వాసన నిలవదు.
- ఒక లోతైన గిన్నె లేదా చిన్న బకెట్టు, ఐసు, నీళ్లు, గుప్పెడు ఉప్పు.
- కార్కు తీసే మర. ఆస్ట్రేలియా సీసాలకు దీని అవసరం ఉండదు. క్లేర్ వ్యాలీ ఉత్పత్తిదారులు 2000లో మూకుమ్మడిగా మర మూతలకు మారారు. మర మూత చౌకరకానికి గుర్తన్న అభిప్రాయం రీస్లింగ్ విషయంలో పూర్తిగా తప్పు.
- మంచినీళ్లు, కొద్దిగా ఉత్త అన్నం లేదా బ్రెడ్డు.

గది సంగతి చాలామంది మరచిపోతారు. అగరొత్తులు వెలుగుతున్న గదిలోనో, ఇంగువ పోపు ఘాటు నిండిన వంటింటి పక్కనో రీస్లింగ్ వాసన చూడటం వృథా శ్రమ. వంట పూర్తయి, కిటికీలు తెరిచిన అరగంట తర్వాత సీసా తీయండి.

## 2. లేబుల్ మీద మొట్టమొదట ఆల్కహాల్ శాతం చూడండి

జర్మన్ పదాలు ఒక్కటీ తెలియకపోయినా ఈ ఒక్క అంకెతో సగం పని అయిపోతుంది.

ద్రాక్షరసంలోని చక్కెరను ఈస్టు తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. లీటరుకు దాదాపు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది. పులియడాన్ని మధ్యలో ఆపేస్తే ఆల్కహాల్ తక్కువగా ఉంటుంది, చక్కెర మిగిలిపోతుంది. చివరిదాకా పులియనిస్తే దీనికి తలకిందులు. అందుకే:

- 7 నుంచి 9 శాతం: తీపి స్పష్టంగా తెలుస్తుంది.
- 9.5 నుంచి 11 శాతం: మధ్యరకం. తీపి ఉందా లేదా అని తటపటాయించే స్థాయి.
- 11.5 శాతం, ఆపైన: చాలావరకు డ్రై, అంటే తీపి తెలియనిది.

దీనికి మినహాయింపులున్నాయి. ఫ్రాన్సులోని ఆల్సాస్‌లో ఆలస్యంగా కోసిన ద్రాక్షతో చేసే రకాల్లో ఆల్కహాల్, తీపి రెండూ ఎక్కువే. ఇవి వేరే ధరలో, వేరే అరలో ఉంటాయి కాబట్టి పొరపాటున చేతికి రావు.

తీపి అనగానే భయపడనక్కర్లేదు. మోజెల్ కాబినెట్ రకంలో (ద్రాక్ష పండిన తీరులో ఇది మొదటి మెట్టు, వివరం 3వ భాగంలో) లీటరుకు 40 గ్రాముల చక్కెర ఉండటం మామూలే. కోలాలో 100 గ్రాములు దాటుతుంది. పైగా రీస్లింగ్‌లో పులుపు బలంగా ఉంటుంది. మోజెల్ ద్రాక్షతోటలు 50వ అక్షాంశం దగ్గర, చల్లటి వాతావరణంలో ఉంటాయి. కాయ అక్టోబరు దాకా నింపాదిగా పండుతుంది, పులుపు తగ్గదు. పంచదార వేసిన నిమ్మరసంలో చక్కెర ఎంత వేశారో నాలుక సరిగ్గా చెప్పలేనట్టే, ఇక్కడా పులుపు తీపిని అదుపులో పెడుతుంది.

## 3. తర్వాత రెండు జాతుల పదాలను వేరు చేయండి

అందరూ తికమకపడేది ఇక్కడే. సీసా మీద రెండు రకాల పదాలుంటాయి. ఒకటి వైన్‌లోని తీపిని చెబుతుంది. రెండోది కోసే నాటికి ద్రాక్ష ఎంత పండిందో చెబుతుంది.

తీపిని చెప్పేవి:

- ట్రోకెన్: డ్రై. లీటరుకు 4 గ్రాముల లోపు చక్కెర. పులుపు తగినంత ఉంటే 9 గ్రాముల దాకా చట్టం ఒప్పుకుంటుంది.
- హాల్ప్‌ట్రోకెన్: 12 గ్రాముల దాకా, పులుపును బట్టి 18 దాకా.
- ఫైన్‌హెర్బ్: చట్టంలో అంకె లేని పదం. హాల్ప్‌ట్రోకెన్ స్థాయిలోనో దానికి కాస్త పైనో ఉంటుందని అనుకోండి.

పండిన తీరును చెప్పేవి, కింది నుంచి పైకి: కాబినెట్, ష్పేట్‌లేజే, ఆవుస్‌లేజే, బేరెన్‌ఆవుస్‌లేజే, ట్రోకెన్‌బేరెన్‌ఆవుస్‌లేజే. ఐస్‌వైన్ అని మరొకటుంది. తీగ మీదే గడ్డకట్టిన కాయను మైనస్ 7 డిగ్రీలు లేదా అంతకన్నా చలిలో కోసి, గడ్డగా ఉండగానే పిండుతారు.

ష్పేట్‌లేజే అని ఉంటే తీపి అని తేల్చేయకండి. దాని పక్కనే ట్రోకెన్ అని ఉంటే అది డ్రై. ఏ తీపి పదమూ లేకుండా ఒక్క ష్పేట్‌లేజే అనే ఉండి, ఆల్కహాల్ 8 శాతం ఉంటే తీపి ఖాయం. ఇక ట్రోకెన్‌బేరెన్‌ఆవుస్‌లేజేలోని ట్రోకెన్ వైన్ గురించి చెప్పదు, తీగ మీద ఎండిన కాయ గురించి చెబుతుంది. డ్రై అనుకుని కొంటే జర్మనీలోకెల్లా తియ్యనిది, ఖరీదైనది ఇంటికొస్తుంది.

అమెరికాలో ఉన్నవారికి ఇంత శ్రమ లేదు. అక్కడి చాలా రీస్లింగ్ సీసాల వెనక డ్రై నుంచి తీపి దాకా ఒక గీత గీసి, ఈ వైన్ ఎక్కడుందో బాణం గుర్తుతో చూపిస్తారు. కొలంబియా వ్యాలీ సీసా అయినా, న్యూయార్క్ ఫింగర్ లేక్స్ సీసా అయినా ముందు వెనక్కి తిప్పి చూడండి.

## 4. పేరు చూసి మోసపోయే చోట్లు

వేల్ష్‌రీస్లింగ్. మధ్య యూరప్‌లో విరివిగా దొరుకుతుంది. పేరులో రీస్లింగ్ ఉన్నా ద్రాక్ష పూర్తిగా వేరు. లాస్కి రిజ్లింగ్, గ్రాషెవినా దీనికే ఉన్న వేరే పేర్లు. చెడ్డది కాదు, కానీ మీరు వెతుకుతున్నది కాదు.

పీస్‌పోర్టర్ మిషెల్స్‌బెర్గ్. జర్మన్ లేబుల్ మీద ఊరి పేరు, ఆ తర్వాత తోట పేరు ఉంటాయి. పీస్‌పోర్టర్ గోల్డ్‌ట్రోఫ్షెన్ అంటే పీస్‌పోర్ట్ ఊరి గోల్డ్‌ట్రోఫ్షెన్ తోట. మిషెల్స్‌బెర్గ్ కూడా అలాంటి తోట పేరులాగే వినిపిస్తుంది. కానీ అది చాలా ఊళ్ల తోటలను కలిపిన పెద్ద సముదాయం పేరు. లోపల రీస్లింగే ఉంటుందన్న హామీ కూడా లేదు. రీస్లింగ్ అన్న పదం విడిగా అచ్చయి ఉందో లేదో చూడండి.

సన్నటి పొడవాటి సీసా. సంప్రదాయంగా మోజెల్‌ది ఆకుపచ్చ, రైన్ ప్రాంతాలది గోధుమ రంగు. అయితే ఈ ఆకారంలో వేరే వైన్లూ వస్తాయి. సీసా ఆకారం సాక్ష్యం కాదు.

నమ్మదగిన గుర్తు ఒకటుంది. మూత తొడుగు మీద ద్రాక్షగుత్తితో ఉన్న గద్ద బొమ్మ కనిపిస్తే అది వీడీపీ అనే ఉత్పత్తిదారుల సంఘం సభ్యులది. ఆ సీసాల మీద జీజీ అన్న రెండక్షరాలుంటే, సంఘం అత్యుత్తమంగా వర్గీకరించిన తోటలో పండిన డ్రై రకం అని అర్థం.

## 5. ఏ ప్రాంతంలో ఏ తీరు

మోజెల్‌లో నల్లటి పలకరాతి వాలులు నిటారుగా నది మీదికి వంగి ఉంటాయి. ఆ రాయి పగటి వేడిని పట్టి ఉంచి రాత్రి విడుస్తుంది. అక్కడి వైన్ తేలిక, పులుపు పదును, ఆకుపచ్చ ఆపిల్, నిమ్మ వాసనలు. జర్మనీలోనే ఉన్న రైన్‌గావ్, ఫాల్జ్ ప్రాంతాల సీసాలు ఇంకొంచెం నిండుగా ఉంటాయి, ఎక్కువగా డ్రై.

ఆల్సాస్ కూడా ప్రధానంగా డ్రైయే. ఆస్ట్రియాలోని వాఖావులో మూడు మెట్లున్నాయి: ష్టైన్‌ఫెడర్ 11.5 శాతం లోపు, ఫెడర్‌ష్పీల్ 12.5 లోపు, స్మరాగ్ద్ అంతకు పైన. మూడూ డ్రైయే. ఆస్ట్రేలియాలోని క్లేర్, ఈడెన్ వ్యాలీలవి పచ్చి నిమ్మకాయ వాసనతో కరకరలాడే డ్రై. మన దేశంలో నాసిక్ దగ్గరి సులా కూడా రీస్లింగ్ చేస్తుంది.

మొదటిసారి కొనేవారికి నా సలహా: 8 శాతం మోజెల్ కాబినెట్ ఒకటి, 12 శాతం ట్రోకెన్ ఒకటి. రెండూ పక్కపక్కన పెట్టుకుని తాగితే ఈ వ్యాసం మళ్లీ చదవాల్సిన పని ఉండదు.

## 6. చల్లబరచడం

- తీపి, తేలిక రకాలు: 7 నుంచి 9 డిగ్రీలు.
- డ్రై రకాలు: 9 నుంచి 11 డిగ్రీలు.
- జీజీ, స్మరాగ్ద్ లాంటి నిండు రకాలు: 11 నుంచి 12 డిగ్రీలు.

ఫ్రిజ్‌లో ఉష్ణోగ్రత 4 డిగ్రీల చుట్టూ ఉంటుంది. మన ఎండాకాలపు గది నుంచి తీసి పెడితే మూడు గంటలు పడుతుంది. రాత్రంతా ఉంచితే మరీ చల్లబడి వాసన మూసుకుపోతుంది. అలాంటప్పుడు పోయడానికి పదిహేను నిమిషాల ముందే బయట పెట్టండి.

అప్పటికప్పుడు కావాలంటే బకెట్టులో ఐసు, నీళ్లు సగం సగం పోసి, ఉప్పు వేసి, సీసాను మెడ దాకా ముంచండి. ఇరవై నిమిషాల్లో సిద్ధం. ఉత్త ఐసు ముక్కల్లో గుచ్చితే ఆలస్యమవుతుంది, ఎందుకంటే ముక్కల మధ్య గాలే ఎక్కువ. నీళ్లు సీసాను అన్ని వైపులా తాకుతాయి. గ్లాసులో మాత్రం ఐసు వేయకండి. కరిగిన ఐసు పులుపును పలచన చేస్తుంది, దానితో తీపి ఒక్కటే పైకి తేలుతుంది.

## 7. రుచి చూసే వరుస

ఒకటి. గ్లాసులో మూడో వంతు పోయండి. కాడ పట్టుకోండి. బొజ్జ దగ్గర పట్టుకుంటే అరచేతి వేడి వైన్‌కు చేరుతుంది.

రెండు. తెల్ల కాగితం మీద పెట్టి రంగు చూడండి. లేతదైతే పచ్చ ఛాయలో పలచగా, ముదిరినదైతే బంగారు రంగులో ఉంటుంది. రెండు మూడేళ్ల వైన్ గోధుమ రంగుకు తిరిగితే వేడికి పాడైందని అనుమానించండి.

మూడు. కదపకుండా ఒకసారి, తిప్పి ఒకసారి వాసన చూడండి. లేత రీస్లింగ్‌లో నిమ్మ, ఆపిల్, పీచ్, తెల్లపూల వాసనలు వెతకండి. వయసు మీరితే తేనె, ఎండు ఆప్రికాట్, ఆ పేరు మోసిన పెట్రోలు వాసన.

నాలుగు. చిన్న గుక్క తీసుకుని అయిదారు క్షణాలు నోట్లో తిప్పండి. మింగాక దవడల పక్కన ఎంతసేపు నీరూరుతుందో గమనించండి. అదే పులుపు కొలత. చక్కెర సంగతి తేలకపోతే ముక్కు మూసుకుని మరో గుక్క తీసుకోండి. పండ్ల వాసన మెదడును తీపి అని భ్రమింపజేస్తుంది. ముక్కు మూశాక కూడా తియ్యగా ఉంటే అది నిజమైన చక్కెర. తీపి అని పక్కన పెట్టిన సీసా డ్రై అని చాలామందికి ఇక్కడే బయటపడుతుంది.

అయిదు. రెండు సీసాలుంటే డ్రై ముందు, తీపి తర్వాత. తిరగేస్తే డ్రై వైన్ నిమ్మచెక్క కొరికినట్టే ఉంటుంది.

## 8. భోజనంతో జత చేయడం

కారం రుచి కాదు, మంట. మిరపలోని క్యాప్సైసిన్ నోట్లో వేడిని పసిగట్టే నరాలను రేపుతుంది. ఆల్కహాల్ కూడా వాటినే రేపుతుంది. కారం కూర పక్కన 14 శాతం వైన్ పెడితే మంట రెట్టింపవుతుంది. ఆల్కహాల్ తగ్గి, కొంచెం చక్కెర ఉంటే మంట అణుగుతుంది. 8 శాతం కాబినెట్‌కు మన వంటతో ఇంత పొత్తు కుదరడానికి కారణం ఇదే.

జత చేసే ముందు వంటకాన్ని మూడు ప్రశ్నలు అడగండి.

- కారం ఎంత? కారం పెరిగేకొద్దీ వైన్‌లో ఆల్కహాల్ తగ్గాలి, తీపి పెరగాలి.
- పులుపు ఎంత? వంటకం పులుపు వైన్ పులుపును మించకూడదు. మించితే వైన్ చప్పబడుతుంది.
- తీపి ఎంత? మిఠాయి కన్నా వైన్ తియ్యగా ఉండాలి.

వేపుళ్లు, నూనె పిండివంటలు. ఇవి తేలిక. పునుగులు, ఉల్లి పకోడీలకు ట్రోకెన్ లేదా ఫైన్‌హెర్బ్, ఎందుకంటే పులుపు నూనె జిడ్డును కడిగేస్తుంది. మిరపకాయ బజ్జీకి మాత్రం కాబినెట్‌కు మారండి. హైదరాబాద్ అపోలో ఫిష్, కోస్తా రొయ్యల వేపుడు, మిరియాల కోడి వేపుడు కాబినెట్‌తో బాగా కుదురుతాయి. రొయ్యకు సొంత తీపి ఉంటుంది కాబట్టి ఈ మూడింటిలో నా మొదటి ఎంపిక అదే. పెసరట్టు, అల్లం పచ్చడి కూడా ప్రయత్నించండి. అల్లం ఘాటుకు తీపి తగిలిన రీస్లింగ్ బాగా ఒదుగుతుంది.

పులుసులు. ఇక్కడ జాగ్రత్త అవసరం. చింతపండుకూ ద్రాక్షకూ పులుపునిచ్చే ప్రధాన ఆమ్లం ఒకటే, టార్టారిక్ ఆమ్లం. చేపల పులుసు పక్కన చాలా తెల్ల వైన్లు నీళ్లలా తేలిపోతాయి. మోజెల్ లేత ష్పేట్‌లేజే నిలబడుతుంది, ఎందుకంటే దానిలో పులుపు, తీపి రెండూ పుష్కలం. మరో రెండు డిగ్రీలు ఎక్కువ చల్లబరచి పోయండి. గోంగూర మాంసం ఇంకా కఠిన పరీక్ష. గోంగూర పాళ్లు కొంచెం తగ్గించి, ష్పేట్‌లేజేతోనే ప్రయత్నించండి. ట్రోకెన్ జోలికి వెళ్లకండి.

బిర్యానీ, పులావు. కారం ఓ మోస్తరు, నెయ్యి, మసాలా వాసనలు ఎక్కువ. హాల్ప్‌ట్రోకెన్ సరిగ్గా సరిపోతుంది. కొబ్బరిపాలు పోసిన పులావుకు ఆల్సాస్ లేదా ఫాల్జ్ డ్రై.

మిఠాయిలు. హైదరాబాద్ ఖుబానీ కా మీఠాకు ఆవుస్‌లేజే లేదా బేరెన్‌ఆవుస్‌లేజే. ఆప్రికాట్ వాసన రెండింటిలోనూ ఉంటుంది. చక్కెర మాత్రం తగ్గించి వండాలి. గులాబ్ జామ్ ముందు ఏ వైనూ నిలవదు.

వదిలేయాల్సినవి. ఆవకాయ అన్నం, చారు, పెరుగన్నం, కాకరకాయ. చేదును వైన్ పులుపు ఇంకా పెంచుతుంది. ఆవకాయకు నెయ్యి ఉంది, వైన్ అక్కర్లేదు. మన భోజనం వరుసలో చెప్పాలంటే వేపుళ్ల దగ్గర వైన్ మొదలుపెట్టి, పులుసు దగ్గర ఆపి, చారుకు ముందే గ్లాసు పక్కన పెట్టేయాలి.

జర్మనీలో ఉన్నవారు దాని సొంత ఊరి జతలనూ చూడాలి. ట్రౌట్ చేప, వసంతకాలపు తెల్ల ఆస్పరాగస్ ట్రోకెన్‌తో తింటారు. ఆల్సాస్‌లో పులియబెట్టిన క్యాబేజీ, పంది మాంసం, ఉల్లి వేసిన ఫ్లామ్‌కుషెన్ అనే పలచటి రొట్టె పక్కన రీస్లింగ్ మామూలుగా ఉంటుంది. ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల ఉండే తెలుగువారికి రైన్‌గావ్ పక్కనే కాబట్టి తోటల దగ్గరే రుచి చూసి కొనవచ్చు. రైలులో వెళ్లండి, కారులో కాదు.

పరీక్షించే పద్ధతి: ఒక ముద్ద తిని మింగి, గుక్క తాగి, కాసేపు ఆగి మళ్లీ ముద్ద తినండి. రెండో ముద్ద మొదటిదానికన్నా మంటగా అనిపిస్తే జత తప్పింది.

## 9. తరచూ జరిగే తప్పులు, వాటి సవరణ

పెట్రోలు వాసన. ద్రాక్షలోని కెరోటినాయిడ్ల నుంచి సీసాలో ఏళ్ల మీద ఏర్పడే టీడీఎన్ అనే పదార్థం దీనికి కారణం. ఎండ బాగా తగిలిన కాయలో ఇది ఎక్కువ. దోషం కాదు. నచ్చకపోతే లేత సంవత్సరపు మోజెల్ కొనండి.

అగ్గిపుల్ల గీసిన వాసన. కొత్త సీసాల్లో గంధకం వల్ల వస్తుంది. గాజు కూజాలోకి వంచి ఇరవై నిమిషాలు వదిలేయండి, పోతుంది.

తడిసిన అట్టపెట్టె వాసన. కార్కు దోషం. దీనికి సవరణ లేదు. సీసా వెనక్కి ఇచ్చేయండి.

అడుగున తెల్లటి పలుకులు. గాజు ముక్కలని కంగారుపడతారు. అవి టార్టారిక్ ఆమ్ల లవణపు స్ఫటికాలు, హాని చేయవు. సీసాను నిలబెట్టి, చివరి రెండు చెంచాలు వదిలేసి పోయండి.

నాలుక మీద సన్నటి బుడగలు. లేత వైన్‌లో మిగిలిన కార్బన్ డయాక్సైడ్. కొందరికి అదే ఇష్టం. వద్దనుకుంటే గ్లాసు బాగా తిప్పండి.

వడ్డించాక మరీ తీపిగా ఉందని అతిథులు మొహం చిట్లిస్తే ముందు ఉష్ణోగ్రత చూడండి. చాలాసార్లు వైన్ వెచ్చబడి ఉంటుంది. పది నిమిషాలు ఐసు నీళ్లలో పెట్టి, ఈసారి ఉప్పగా ఉండే వేయించిన జీడిపప్పుతో ఇవ్వండి.

## 10. మిగిలిన వైన్, దాచిన సీసా

తెరిచిన సీసాను మూత బిగించి ఫ్రిజ్‌లో నిలబెడితే డ్రై రకం మూడు నాలుగు రోజులు, తీపి రకం దాదాపు వారం నిలుస్తుంది. తెరవనిదాన్ని 12 నుంచి 15 డిగ్రీల చీకట్లో ఉంచాలి. మన వేసవిలో అటక మీద పెట్టిన సీసా ఉడికిపోతుంది. వేరే చల్లని చోటు లేకపోతే ఫ్రిజ్ కింది కూరగాయల అరలో కొన్ని నెలలు ఉంచినా నష్టం లేదు. కార్కు సీసాను పడుకోబెట్టండి, మర మూతది ఎలా ఉన్నా పరవాలేదు.

విదేశాల నుంచి తెచ్చేవారికి కస్టమ్స్ సుంకం లేకుండా మనిషికి 2 లీటర్ల దాకా అనుమతి ఉంది, అంటే రెండు సీసాలు. తోటలో కొన్నవైతే చేతి సంచిలో కాక విమానంలో విడిగా వేసే పెట్టెలో, ఒక్కొక్కటీ ప్లాస్టిక్ సంచిలో చుట్టి, బట్టల మధ్య పెట్టండి. ఇంటికి చేరాక వెంటనే తెరవకుండా రెండు వారాలు కదలకుండా ఉంచండి. ప్రయాణపు కుదుపు తర్వాత వైన్ వాసన కొంతకాలం మూగబోయి ఉంటుందని చాలామంది వైన్ ప్రియుల మాట.